లంకవాళ్లు లంకకు వెళ్తే

ప్రశ్న: మాది రాజోలు దగ్గర లంక గ్రామం. పిల్లలకు పదేళ్లు, అయిదేళ్లు. మే నెలాఖరులో ఆరు రోజులు శ్రీలంక వెళ్దామనుకుంటున్నాం. ఏజెంటు ఇచ్చిన ప్లానులో కొలంబో, కాండీ, నువరా ఎలియా, గాల్, బెంటోటా అన్నీ ఉన్నాయి. పిల్లలు సముద్రంలో ఆడుకోవాలంటున్నారు. శాకాహారి అయిన మా అత్తయ్యగారు సీతమ్మవారి గుడి చూడాలంటున్నారు. చిన్నాడికి కారెక్కితే వాంతులు. తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో బెంటోటా అన్న మాట చూడగానే నాకు ఎర్రజెండా గుర్తొచ్చింది. మాటవరసకి కాదు, నిజం జెండాయే. కొన్నేళ్ల క్రితం సరిగ్గా మే నెలాఖరులోనే మనవల్ని తీసుకుని అక్కడ దిగాం. ఉన్న నాలుగు రోజులూ ఒడ్డున ఎర్రజెండా. కెరటాలు మనిషెత్తు లేచి పడుతున్నాయి. పిల్లలు మోకాలి లోతుకి దిగబోతే చాలు, కాపలా కుర్రాడు ఈల వేసేవాడు. మా మనవడు ఇక్కణ్ణుంచి మోసుకెళ్లిన ప్లాస్టిక్ బకెట్టుకి ధర చీటీ కూడా పీకలేదు. వరండా చూరు కింద పెట్టి వాననీళ్లు పట్టుకుంటూ కూర్చున్నాడు. టికెట్లు అమ్మిన ఏజెంటుని తిట్టుకున్నాను. కానీ జడ్పీ హైస్కూల్లో ముప్పై ఏళ్లు రుతుపవనాల పాఠం చెప్పింది ఆయన కాదు కదా, నేనే!

నైరుతి రుతుపవనం మన దగ్గరికి జూన్‌లో వస్తుంది గానీ, శ్రీలంకకు మే రెండో సగంలోనే తగులుతుంది. అప్పటినుంచి సెప్టెంబరు దాకా పడమటి, దక్షిణ తీరాల్లో, అంటే బెంటోటా, గాల్, మిరిస్సాలలో సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది. నడుమ ఉన్న కొండలు మబ్బుల్ని ఆపేస్తాయి కాబట్టి అదే సమయంలో తూర్పు తీరం పొడిగా ఉంటుంది. మనకు తుపాన్లు పట్టే కార్తీక మార్గశిరాల్లో ఈ లెక్క తిరగబడుతుంది. వాన తూర్పుకి పోతుంది. అంచేత సంక్రాంతి సెలవులైతే గాల్ వైపు, వేసవి సెలవులైతే తూర్పు తీరంలోని ట్రింకోమలీ వైపు. మీరు ట్రింకోమలీకే వెళ్లండి.

ఆ ఊరి పక్కనే ఉప్పువెలి, నీలావెలి బీచ్‌లున్నాయి. ఆ నెలల్లో నీళ్లు పిల్లలు ఆడుకునేంత నెమ్మదిగా ఉంటాయి. నీలావెలి నుంచి ఓ కిలోమీటరు దూరంలో పావురాల దీవి ఉంది. అక్కడ ముఖానికి అద్దం తగిలించుకుని తల నీళ్లలో పెడితే పగడపు దిబ్బల మీద చేపలు తిరగడం కనిపిస్తుంది. పెద్దాడికి అది చాలు, ఏడాది పొడుగునా బడిలో చెప్పుకుంటాడు. పగడాల మీద కాలు పెట్టొద్దని మాత్రం ముందే చెప్పండి. ఇంకో మాట. కాలవలో ఈత కొట్టే పిల్లలని మనకు ధీమా ఎక్కువ. కాలవ నీరు ఒక్క వైపే లాగుతుంది, సముద్రం అలా కాదు. పడవ ఎక్కేముందే ఇద్దరికీ సరిపోయే లైఫ్ జాకెట్లు అడిగి వేయించండి.

కొలంబో దగ్గరి కట్టునాయకే విమానాశ్రయం నుంచి ట్రింకోమలీకి దాదాపు 250 కిలోమీటర్లు. ఒక్క బిగిన వెళ్లకండి, దంబుల్లాలో ఒక రాత్రి ఆగండి. దారి చాలావరకు చదును. దంబుల్లా దగ్గర్లోని సిగిరియా రాతి కోటకు సుమారు 1,200 మెట్లు. చిన్నాణ్ణి ఎత్తుకునే ఓపిక మీవారికి ఉంటేనే ఎక్కండి.

ఇక అత్తగారి సంగతి. సీతమ్మవారి గుడి నువరా ఎలియా దగ్గర ఉంది. ఆ ఊరు 1,868 మీటర్ల ఎత్తులో ఉంటుంది. ఏటిగట్టు తప్ప ఎత్తన్నది ఎరగని చిన్నాడి పొట్ట ఆ మలుపులకు తట్టుకోదు. ఆవిడకు ట్రింకోమలీలోనే ఉన్న కోనేశ్వరం చూపించండి. సముద్రం మీదికి పొడుచుకొచ్చిన కొండ కొమ్మున శివాలయం. ఆ కొండరాతిలో ఉన్న చీలిక రావణుడి కత్తివేటని అక్కడివాళ్లు చెబుతారు. ఊరికి దగ్గర్లో కన్నియ అనేచోట ఏడు చిన్న చదరపు వేడినీటి బావులున్నాయి. తల్లి కర్మకాండ కోసం రావణుడు నేలలో పొడిస్తే పుట్టాయట. ఏడు అనగానే ఆవిడ ద్రాక్షారామం, సప్త గోదావరి అందుకోకపోతే నన్నడగండి. రేవు చూస్తూ మీవారికి చెప్పడానికి ఇంకో ముచ్చట: 1942 ఏప్రిల్ 6న మన కాకినాడ మీద బాంబులు వేసిన జపాను, మూడు రోజులకే ఆ రేవు మీద కూడా వేసింది.

తిండికి దిగులు లేదు. ఇడియాప్పం, అప్పం, కొబ్బరి, అన్నం. కానీ పోల్ సంబోల్ అని కొబ్బరి పచ్చడి వేస్తారు. చూడ్డానికి అచ్చం మన కోరు పచ్చడే. అందులో ఎండుచేప పొడి కలపడం మామూలు. అత్తగారి విస్తట్లో పడకముందే అడగండి. ట్రింకోమలీలో తమిళం బాగా నడుస్తుంది, ‘సైవ’ హోటలంటే శాకాహారమే. మట్టిపాత్రలో తోడుపెట్టిన గేదె పెరుగు మీద కితుల్ పాకం పోసి ఇస్తారు. కితుల్ అంటే మన జీలుగు చెట్టే. మా మనవరాలు పాత్ర అడుగు దాకా గీకింది. మా ఎర్రజెండా యాత్రలో గిట్టుబాటైంది అదొక్కటే.

పిల్లల పాస్‌పోర్టుల గడువు ఇవాళే చూడండి. వాళ్లకిచ్చేది అయిదేళ్లకే, పెద్దాడిది అయిపోవచ్చి ఉంటుంది. ప్రయాణం నాటికి ఆరు నెలలైనా మిగిలుండాలి. వీసా అనుమతి వాళ్ల ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే తీసుకోండి.

బకెట్టు మాత్రం కొనకండి. మా వాడిది అటక మీద ఉంది, ధర చీటీతో సహా.