ఫారాలు లెక్కపెట్టే ఉద్యోగమా, పొలం దాకా వెళ్లే ఉద్యోగమా?

ప్రశ్న: మా అమ్మాయి వ్యవసాయ విస్తరణలో, అంటే రైతులకు కొత్త సాగు పద్ధతులు చేరవేసే చదువులో, పీజీ పూర్తి చేసింది. విస్తరణ సిబ్బందికి, వాళ్లకు పాఠం చెప్పే ట్రైనర్లకు శిక్షణ ఇచ్చే ఒక సంస్థ తనకి రెండు పోస్టులు చూపించి ఏదో ఒకటి ఎంచుకోమంది. ఒకటి ట్రైనర్, రెండోది శిక్షణల మూల్యాంకనం విభాగంలో. తను రెండోదే కావాలంటోంది. ఫీడ్‌బ్యాక్ ఫారాలు పోగేసి లెక్కలు వేయడానికి ఇంత చదువు ఎందుకని మావారూ నేనూ పోరు పెడుతున్నాం. మేం అనేది తప్పా? పోనీ చేరాక తర్వాతైనా ట్రైనర్‌గా మారే వీలుంటుందా?

జవాబు: మీరు అనేదాంట్లో సగం నిజముందండీ, అందుకే ముందు మీవైపు నుంచే మొదలుపెడతాను. మూల్యాంకనం అనే ఒకే బోర్డు కింద రెండు వేరువేరు ఉద్యోగాలు నడుస్తుంటాయి. ఒకటి మీరు చెప్పిందే. కోర్సు చివరి రోజు సాయంత్రం, అందరూ బ్యాగులు సర్దుకుని గుమ్మం వైపు చూస్తున్నప్పుడు ఫారాలు పంచి, టిక్కులు పెట్టించుకుని, ‘చాలా బాగుంది’ అన్నవాళ్లు ఎంత శాతమో రిపోర్టులో ఎక్కించడం. కౌన్సెలింగ్‌లోకి రాకముందు నేను కొన్నాళ్లు ఇలాంటి శిక్షణలు నడిపే చోట పనిచేశాను. అక్కడ ఫారం చేతికిస్తేనే సర్టిఫికెట్ చేతికొచ్చేది. ఇంక బాగాలేదని ఎవరు రాస్తారు చెప్పండి? ఒకాయన మాత్రం రాశాడు, అదీ గదిలో ఫ్యాన్ తిరగలేదని. ఆ ఫారాలు కట్టలు కట్టి బీరువాలో పెట్టేవాళ్లం, తర్వాతి కోర్సు అదే టైంటేబుల్‌తో, అవే స్లైడ్లతో మళ్లీ నడిచేది. మీ అమ్మాయికి వచ్చింది ఈ రకం ఉద్యోగమైతే మీ మాటే కరెక్టు, వద్దనండి.

రెండో రకంలో అసలు పని శిక్షణ అయిపోయి అందరూ ఇళ్లకెళ్లాక మొదలవుతుంది. డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ అనే అమెరికన్ ప్రొఫెసర్ 1959లో మొదలుపెట్టి రాసిన వ్యాసాల్లో ఏ శిక్షణనైనా నాలుగు మెట్లలో చూడమన్నాడు. వచ్చినవాళ్లకు నచ్చిందా, ఏమైనా నేర్చుకున్నారా, నేర్చుకున్నది పనిలో పెడుతున్నారా, దానివల్ల ఫలితం వచ్చిందా. 1975లో క్లాడ్ బెన్నెట్ ఇదే ఆలోచనను వ్యవసాయ విస్తరణకు సరిపోయేలా ఏడు మెట్లు చేశాడు. పెట్టిన వనరులు, జరిపిన కార్యక్రమాలు, వచ్చిన మనుషులు, వాళ్ల స్పందన, వాళ్ల తెలివిడిలో నైపుణ్యంలో వైఖరిలో వచ్చిన మార్పు, ఆచరణలో మార్పు, ఆఖరున పొలంలో బతుకులో కనిపించే ఫలితం. మీ అమ్మాయి ఇవన్నీ పరీక్షల కోసం చదివే ఉంటుంది. చదవని విషయం ఏమిటంటే, చాలా సంస్థలు ఈ ఏడింటిలో నాలుగోదైన స్పందన దగ్గరే చతికిలబడిపోతాయి, ఎందుకంటే అక్కడిదాకా ఆఫీసులో కూర్చునే చేయొచ్చు. ఆరో మెట్టు ఎక్కాలంటే బండి తీసుకుని పొలానికి పోవాలి.

పైగా విస్తరణ శిక్షణలో ఇంకో చిక్కుంది. ఫ్యాక్టరీలో మెషిన్ ఆపరేటర్‌కి శిక్షణ ఇస్తే మర్నాడు అతని చేతి కింద తేడా కనిపిస్తుంది. ఇక్కడ అలా కాదు. నిపుణుడు ట్రైనర్‌కి చెప్తాడు, ట్రైనర్ క్షేత్ర సిబ్బందికి, సిబ్బంది రైతుకి, రైతు నమ్మితే చేస్తాడు, వాన అనుకూలిస్తే పండుతుంది. చెవిలో చెప్పుకుంటూ పోయే ఆట లాంటిదిది, ఒక్కో చేయి మారినప్పుడల్లా ఎంతో కొంత ఒలికిపోతుంది. ఎక్కడ ఎంత ఒలికిందో పట్టుకోవడమే మీ అమ్మాయి చేయబోయే పని. ముఖ్యంగా ట్రైనర్లకిచ్చే శిక్షణను తూచాలంటే మొదటి హాలులో కూర్చుంటే లాభం లేదు, ఆ ట్రైనర్ తిరిగెళ్లి తన హాలులో ఏం చేస్తున్నాడో చూడాలి. రైతులతో మాట్లాడించి, చేయించి నేర్పే పద్ధతి మీద వారం రోజులు శిక్షణ తీసుకుని, వెనక్కెళ్లి రెండు గంటలపాటు స్లైడ్లు చదివి వినిపించినవాళ్లను నేనే ఎంతోమందిని చూశాను. ఆ వారం శిక్షణకు మాత్రం 5కి 4.8 మార్కులు పడ్డాయి!

ఫారం మీద సొంత మార్కులు ఎంత మోసం చేస్తాయో ఇంకో మాట చెప్తాను, ఇది నాకు చాలా ఇష్టమైన ఉదాహరణ. ‘మట్టి నమూనా తీయడం మీకెంత వచ్చు’ అని శిక్షణకు ముందు అడిగితే ధీమాగా 5కి 4 వేసుకుంటారు. మూడు రోజులు కూర్చున్నాక తమకు తెలియనిది ఎంతుందో తెలుస్తుంది, నిజాయితీ ఉన్నవాడు 3 వేస్తాడు. కాగితం ప్రకారం శిక్షణ వల్ల తెలివి తగ్గిందన్నమాట. అందుకే కొందరు రెండు ప్రశ్నలూ చివరనే అడుగుతారు, ఇప్పుడెంత వచ్చు, అప్పుడు నిజంగా ఎంత వచ్చుననుకుంటున్నారు అని. దానికన్నా మంచి పద్ధతి, మనిషి చేతికి ఓ పారా బకెట్టూ ఇచ్చి చేసి చూపించమనడం. పొలంలో అటూ ఇటూ తిరిగి పది చోట్లయినా తీస్తున్నాడా, గట్టు పక్కన, చెట్టు నీడన, పేడకుప్ప దగ్గర వదిలేస్తున్నాడా, ఇంగ్లిషు వి అక్షరం ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు గుంట తీసి పక్క నుంచి గీస్తున్నాడా, అంతా కలిపి నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు తీసేస్తూ అరకిలోకి తెస్తున్నాడా. పావుగంటలో వాడికి వచ్చో రాదో తేలిపోతుంది, వంద టిక్కులు చెప్పలేనిది.

ఈ పద్ధతి కొత్తదేం కాదు. ఇండోనేషియాలో వరికి సుడిదోమ పట్టి, పురుగు మందులు కొట్టేకొద్దీ దాన్ని తినే సాలీళ్లు, ఇతర మిత్రపురుగులు చచ్చి దోమ ఇంకా పెరిగిన రోజుల్లో, 1986లో అక్కడి ప్రభుత్వం వరి మీద 57 రకాల మందులు నిషేధించింది. 1989లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సాయంతో పొలంబడులు, అంటే రైతులు పొలంలోనే పంటను గమనిస్తూ నేర్చుకునే బడులు, మొదలయ్యాయి. అక్కడ ట్రైనర్లను హాలులో కాకుండా పొలంలో తయారుచేశారు, నాటు నుంచి కోత దాకా వాళ్లే వరి పండించాలి. పరీక్ష కూడా గమ్మత్తుగా ఉండేది. పొలంలో అక్కడక్కడ బోర్డులు నిలబెట్టి, వాటి నుంచి అసలైన పురుగుకో, తెగులు సోకిన దుబ్బుకో దారం కట్టి, ‘ఇది శత్రువా మిత్రుడా’ లాంటి ప్రశ్న ఒకటి రాసి, మూడు జవాబులకు మూడు డబ్బాలు పెట్టేవాళ్లు. తన చీటీ ఏదో ఒక డబ్బాలో వేయాలి. దీన్నే బ్యాలెట్ బాక్స్ టెస్ట్ అంటారు. చదవడం అంతగా రానివాళ్లకు కూడా పెట్టొచ్చు, బట్టీ పనిచేయదు.

ఇంత బాగా నడిచిన పొలంబడుల మీద కూడా తర్వాత పెద్ద వాదనే జరిగింది, మీ అమ్మాయి ఈ రంగంలోకి వెళ్తే అది తప్పక చదవాలి. మందుల వాడకం బాగా తగ్గిందని మొదట్లో చాలా రిపోర్టులొచ్చాయి. 2004లో ఫెడర్, ముర్గై, క్విజాన్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు, ఇండోనేషియాలో పొలంబడికి వెళ్లినవాళ్లనీ వెళ్లనివాళ్లనీ కొన్నేళ్ల తేడాతో రెండుసార్లు చూసి, దిగుబడిలోగానీ మందుల వాడకంలోగానీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదన్నారు. నేర్చుకున్నవాళ్ల నుంచి పక్క రైతులకు ఆ జ్ఞానం పెద్దగా పాకలేదని కూడా తేల్చారు. 2014లో చాలా దేశాల అధ్యయనాలన్నీ కలిపి చూసినప్పుడు, చిన్న పైలట్ కార్యక్రమాల్లో మేలు కనిపించింది, పెద్ద ఎత్తున నడిపినచోట అది నిలవలేదు, పక్కవాళ్లకు పాకడం మళ్లీ కనిపించలేదు. దీన్ని బట్టి పొలంబడి దండగ అని నేననను. కానీ లెక్క ఎవరితో పోల్చి వేశారన్నదాన్ని బట్టి జవాబే తలకిందులవుతుంది. శిక్షణకు పిలిచేది సాధారణంగా చురుకైనవాళ్లనే కదా, వాళ్లు ఎటూ ముందే ఉంటారు.

చిన్న లెక్క చెప్తాను, అంకెలు ఊహించుకున్నవే. శిక్షణ పొందిన సిబ్బంది ఉన్న ప్రాంతంలో రైతులు సీజన్‌కి 6 సార్లు మందు కొట్టేవాళ్లు 4కి వచ్చారనుకోండి. రెండు తగ్గాయని పండగ చేసుకుంటాం. శిక్షణ లేని పక్క ప్రాంతంలో కూడా 6 నుంచి 4.5కి తగ్గితే? ఆ ఏడు పురుగే తక్కువేమో, మందు రేటు పెరిగిందేమో. మన శిక్షణ ఖాతాలో పడేది అర స్ప్రే మాత్రమే. ఈ ఒక్క తీసివేత చేయకుండానే ఎన్నో శిక్షణలు ఘనవిజయం అయిపోతుంటాయి, చేయమని అడిగినవాళ్లను వింతగా చూస్తారు కూడా.

అలాగని అంతా లెక్కలే అనుకోకండి. శిక్షణ బాగున్నా, నేర్చుకున్నా, పని మారకపోవడం చాలా మామూలు. బాల్డ్విన్, ఫోర్డ్ అనే ఇద్దరు 1988లోనే చెప్పారు, నేర్చుకున్నది పనిలోకి దిగాలంటే మనిషి, శిక్షణ తీరు ఎంత ముఖ్యమో తిరిగెళ్లాక ఉండే వాతావరణం కూడా అంతే ముఖ్యమని. క్షేత్ర సిబ్బంది విషయంలో ఇది కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. పొలంలో కూర్చుని రైతుతో కలిసి పంట పరిశీలించడం నేర్చుకుని వస్తాడు, పై అధికారి సర్వే పని అప్పజెప్తాడు, విత్తనాల పంపిణీ రిజిస్టర్లు చేతిలో పెడతాడు. ఆరు నెలల తర్వాత మీ అమ్మాయి వెళ్లి అడిగితే ‘అంతా గుర్తుంది మేడమ్, టైమే లేదు’ అంటాడు. ఇప్పుడు వీడికి మళ్లీ రిఫ్రెషర్ కోర్సు పెడితే ఏం లాభం? మందు వేరే మనిషికి వేయాలి. ఈ సంగతి పట్టుకోవడానికి రాబర్ట్ బ్రింకర్‌హాఫ్ చెప్పిన ఒక పద్ధతి నాకు నచ్చుతుంది. సగటు జోలికి పోకుండా శిక్షణను బ్రహ్మాండంగా వాడుకున్న కొద్దిమందినీ, అసలు వాడని కొద్దిమందినీ వెతికి తీరిగ్గా మాట్లాడటం. తేడా ఎక్కడుందో వాళ్ల నోటే బయటపడుతుంది.

కొన్నిచోట్ల రోజువారీ పనిలోనే సాక్ష్యం దొరుకుతుంది. కాబి అనే అంతర్జాతీయ సంస్థ 2011లో మొదలుపెట్టిన ప్లాంట్‌వైజ్ కార్యక్రమంలో శిక్షణ పొందిన ‘మొక్కల డాక్టర్లు’ రైతు తెచ్చిన ప్రతి సమస్యకూ చీటీ రాస్తారు, లక్షణాలేంటి, ఏ తెగులనుకున్నాం, ఏం చెప్పాం అని. ఆ చీటీలు తిరగేస్తే రోగ నిర్ధారణ సరిగ్గా చేస్తున్నారో లేదో, అవసరం లేని మందు రాస్తున్నారో అర్థమవుతుంది. ఇలాంటి చోట పనిచేసే అవకాశమొస్తే కళ్లు మూసుకుని చేరొచ్చు.

ఇక మీ అమ్మాయి ఆఫర్ ఏ రకమో తెలుసుకోవడం ఎలా అంటే, చేరకముందే కిందటి ఏడాది మూల్యాంకనం రిపోర్టు ఒకటి చూపించమని మర్యాదగా అడగమనండి. అందులో శాతాలూ ఫొటోలూ తప్ప ఏమీ లేకపోతే అర్థమైపోతుంది. శిక్షణ తర్వాత క్షేత్రానికి వెళ్లే ఖర్చు బడ్జెట్‌లో ఉందా, ఎప్పుడు పంపుతారు అనికూడా అడగాలి. ఆరు నెలలకు అని క్యాలెండర్ చూసి చెప్తే అనుమానించండి, ఎరువుల మీద శిక్షణ ఇచ్చి కోతలయ్యాక వెళ్తే చూడటానికి ఏముంటుంది, పంట ఆ దశలో ఉన్నప్పుడు వెళ్లాలి. అన్నిటికన్నా పదునైన ప్రశ్న: మూల్యాంకనం చూసి మీరు మార్చిన కోర్సు, లేదా ఆపేసిన కోర్సు ఒక్కటి చెప్తారా? ఠక్కున జవాబొస్తే ఆ సంస్థ మంచిది. నవ్వేసి మాట మారిస్తే ట్రైనర్ పోస్టే నయం.

కష్టాలు కూడా దాచకుండా చెప్తాను. ఇవి చాలావరకు ప్రాజెక్టు ఉద్యోగాలు, కాంట్రాక్టు అయిపోతే మళ్లీ వెతుక్కోవాలి. తిరుగుడు ఎక్కువ. ‘ఈ శిక్షణ పనిచేయలేదు’ అని రాసిన రోజు, దాన్ని నడిపించినవాళ్లు క్యాంటీన్‌లో పక్కన కూర్చోరు, ఇది నేను అనుభవించాను. మంచి రిపోర్టు రాయమని మొహమాటపెట్టేవాళ్లు ఉంటారు, టెన్షన్ తప్పదు. గణాంకాలు ఓ మోస్తరుగా వస్తే చాలు, మనుషుల మాట ఓపిగ్గా వినడం, చెడ్డ వార్తను ఎవరినీ అవమానించకుండా రాయడం రావాలి. ఇవి వచ్చినవాళ్లకు మాత్రం వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో, ప్రభుత్వ శిక్షణ సంస్థల్లో, స్వచ్ఛంద సంస్థల్లో, నిధులిచ్చే అంతర్జాతీయ సంస్థల్లో పని దొరుకుతుంది, ఎందుకంటే డబ్బు ఇచ్చేవాళ్లు ఏం మారిందని అడగడం మానరు.

ట్రైనర్‌గా మారొచ్చా అన్నారు. నిక్షేపంగా మారొచ్చు, నా అంచనాలో ఇటు నుంచి అటు వెళ్లడమే తేలిక, ఎక్కడ ఒలికిపోతుందో ముందే చూసి ఉంటుంది కాబట్టి. ఒక్క షరతు. మొదటి ఏడాదిలో ఒక కోర్సుకు పరిశీలకురాలిగా కాకుండా మామూలు ట్రైనీలా వెనక బెంచీలో కూర్చుని హాజరవమనండి, ఒక పంట కాలం మొత్తం ఎవరైనా క్షేత్ర సిబ్బంది వెంట తిరగమనండి, సంస్థ పంపకపోతే సెలవులు పెట్టుకుని అయినా సరే. అది చేయకుండా నాలుగేళ్లు లాప్‌టాప్ ముందే కూర్చుంటే, ట్రైనర్ ఉద్యోగం ఇంటర్వ్యూలో ‘మీరెప్పుడైనా రైతుతో మాట్లాడారా’ అని అడిగినప్పుడు ఇబ్బంది పడేది తనే.