నవ్వొచ్చిన చోట పెన్సిల్ గీత

హైదరాబాదు

చిరంజీవికి,

సైన్సూ మాయా కలిసిన చీకటి హాస్యం రాయాలని ఉందన్నావు. ముందు అలాంటి నవల ఒకటి హాయిగా చదువు. ఆదివారం ఆబిడ్స్ పేవ్‌మెంట్ మీద పాత ప్రతి కొనుక్కో, గీతలు పెట్టడానికి మనసొప్పుతుంది. మొదటిసారి పెన్సిల్ ముట్టుకోకు. వారం ఆగి మళ్లీ చదువుతూ, నవ్వొచ్చిన వాక్యం పక్కన గీత పెట్టి, రెండు పేజీలు వెనక్కి వెళ్లు. ఆ నవ్వుకి కావలసిన సరుకు అక్కడెక్కడో మామూలు మాటలా దాగి ఉంటుంది.

మన ఊళ్లోనే చూడు. కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులు ఏటా బతికే ఉన్నామని ధ్రువపత్రం ఇవ్వాలి. 2014 నుంచి వేలిముద్రతో ఆన్‌లైన్‌లోనూ ఇవ్వొచ్చు. ఇప్పుడు, చనిపోయి దయ్యమైన తాత ఒకణ్ని పింఛను కోసం అమీర్‌పేటలో ఆ వేలిముద్ర మిషన్ ముందు నిలబెట్టు. ముద్ర పడదు. "చెయ్యి తుడుచుకుని మళ్లీ పెట్టండి తాతా" అంటాడు కౌంటర్ కుర్రాడు. నవ్వొస్తుంది. పనిచేసి వేళ్లరిగిన ముసలివాళ్లకి బతికుండగానే ముద్ర పడదని గుర్తొచ్చి, అదే నవ్వు గొంతులో అడ్డం పడుతుంది.

చాలామంది తప్పేది దీని తర్వాతే. దయ్యం కదా అని తాతని కంప్యూటర్‌లో దూర్చేస్తారు. పని అయిపోతుంది, కథా అయిపోతుంది. మాయకి రెండు మూడు నియమాలు చాలు, కానీ ప్రతిదానికీ ఖర్చుండాలి. దూరిన ప్రతిసారీ తాత ఒకరి పేరు మర్చిపోతాడనుకో. మొదటి అధ్యాయంలో పాలవాడి పేరు పోనీ, ఎవరికీ పట్టదు. తంటా అంతా మనవరాలి ఫీజు కోసం. ఆమె పేరు ఎన్నోసారికి పోతుందో రాయకముందే కాగితం మీద లెక్క వేసుకో. ఖర్చు సంగతి చివర్లో బయటపెడితే పాఠకుడు మోసపోయాననుకుంటాడు.

తాత ఉత్త మంచివాడైతే రెండో అధ్యాయానికే విసుగొస్తుంది. ఒకే పనికి రెండు కారణాలివ్వు: పైకి చెప్పేది మనవరాలి చదువు, చెప్పనిది కొడుకు చేతకానివాడని తేల్చాలన్న పంతం. ఆ రెండోది మాటల్లో రానీకు. ఫీజు రసీదు మనవరాలి చేతికివ్వకుండా, కొడుకు కళ్లపడేట్టు టీవీ మీద పెట్టి వెళ్తాడు, అంతే. కౌంటర్ కుర్రాడికీ ఇలాంటి చెప్పని కారణం ఒకటి కావాలి.

భాషకి భయపడకు. "సర్వర్ డౌనండీ" అన్నది తెలుగే. తన జోకుకి తనే నవ్వే పాత్ర కనిపిస్తే మాత్రం ఆ నవ్వు కొట్టేయి.

మొదటి అధ్యాయం పన్నెండు పేజీలు దాటనీకుండా రాసి పంపు. నవ్వొచ్చిన చోటల్లా గీత పెట్టి తిప్పి పంపుతాను.

ఆశీస్సులతో