ఫౌస్టస్ వేషం కట్టే అల్లుడికి

చిరంజీవి అల్లుడికి, మామయ్య దీవించి రాయునది.

కాలేజీ వార్షికోత్సవంలో ఆంగ్ల నాటకకర్త మార్లో రాసిన డాక్టర్ ఫౌస్టస్ నాటకంలో ఫౌస్టస్ వేషం నీకిచ్చారని మీ అమ్మ చెప్పింది. నువ్వు పంపిన రిహార్సల్ వీడియో మూడుసార్లు చూశాను. గొంతు బాగుంది. కానీ నువ్వు ఆడుతున్నది ఫౌస్టస్‌ను కాదు, మన పౌరాణికాల దుర్యోధనుణ్ణి. ఛాతీ విరుచుకుని, మాటకోసారి గడ్డం ఎత్తుతున్నావు. తప్పు నీది కాదులే, గర్వమంటే మన స్టేజీ మీద మనం చూసింది అదే.

ఫౌస్టస్‌ది పండితుడి గర్వం. అది గొంతులో కాదు, పుస్తకం మూసే తీరులో కనిపించాలి. మొదటి స్వగతం మళ్లీ చదువు. జర్మనీలోని విట్టెన్‌బర్గ్‌లో తన గదిలో కూర్చుని అరిస్టాటిల్ తర్కాన్ని, గాలెన్ వైద్యాన్ని, జస్టీనియన్ న్యాయశాస్త్రాన్ని ఒక్కొక్కటిగా పక్కన పెట్టేస్తాడు. చివరికి బైబిల్ తెరుస్తాడు. పాపంవల్ల వచ్చే జీతం మరణం అని చదివి ఆగిపోతాడు. ఆ వాక్యం అక్కడ అయిపోదు. దేవుడిచ్చే వరం నిత్యజీవం అన్న మాట దాని పక్కనే ఉంది. అంత చదువుకున్నవాడు ఆ సగం చదవడు! ఇంకో వాక్యాన్నీ అలాగే సగంలో వదిలి, గ్రంథం మూసేస్తాడు. అక్కడ పంక్తి మీద వేలు పెట్టి చదువు. వేలు సగంలో ఆగాలి. నీ చూపు మిగతా సగం మీదికి పొరపాటున కూడా జారకూడదు. అరవడం దేనికి, అతను పడిపోయింది ఆ వేలు దగ్గరే.

నా రోజుల్లో నేనూ ఈ వేషం కట్టాను. మొదటి రంగంలోనే గొంతంతా ఖర్చు పెట్టేశాను. చివరి రంగానికి పిల్లి కూతలు మిగిలాయి. వెనక వరుసల్లో నవ్వులు నాకిప్పటికీ వినిపిస్తాయి.

మధ్య రంగాలు ఎత్తేద్దామని మీ దర్శకుడు అంటే ఒప్పుకోకు. సైతానుకు ఆత్మను అమ్మి 24 ఏళ్లు కొనుక్కున్నవాడు వాటితో ఏం చేశాడు? కంటికి కనబడకుండా పోప్ విందులో పళ్లాలు లాక్కున్నాడు, చెంప మీద కొట్టాడు. కడుపుతో ఉన్న డ్యూక్ గారి భార్యకు జనవరిలో ద్రాక్షపళ్లు తెప్పించాడు. (అక్కడ చలికాలమైతే వేసవి ఉండే దేశాల్లో మన ఇండియా పేరూ చెబుతాడు, జనం తప్పకుండా నవ్వుతారు.) కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే. కానీ అది ఎలుకని నీకు తెలిసినట్టు ఆడకు. మురిసిపోతూ ఆడు.

ఇక ఆ 24 ఏళ్ల గడువు తీరే ఆఖరి గంట. పదకొండు కొట్టిన దగ్గర్నుంచి పన్నెండు కొట్టేదాకా అరవై పంక్తులకు అటూ ఇటూ ఉంటుంది. లెక్కపెట్టి చూడు, మొదటి అరగంట కంటే రెండో అరగంటకు మాటలు తక్కువ. కాలం పరుగెడుతోందని మార్లో రాతలోనే చూపించాడు. నువ్వు వేరే తొందరపడనక్కర్లేదు, గంట చప్పుడు విను చాలు. రాత్రి గుర్రాల్లారా, మెల్లగా పరుగెత్తండి అనే లాటిన్ పంక్తి రోమన్ కవి ఓవిడ్‌ది. ప్రియురాలి పక్కనున్నవాడు తెల్లవారకూడదని వేడుకున్న మాట అది. చావు ముంచుకొచ్చినా ఫౌస్టస్ నోట చదువే పలుకుతోంది. అందుకని ఏడుస్తూ అనకు, బాగా కంఠస్థమైన పద్యం దానంతట అదే నోటికి వచ్చినట్టు అను.

చివర్లో నా పుస్తకాలు తగలబెట్టేస్తాను అంటాడు. మొదటి రంగంలో మూసిన ఆ బైబిల్ అప్పుడు కూడా అదే బల్ల మీద ఉండాలని దర్శకుడికి చెప్పు. నువ్వు మాత్రం దానివైపు చూడకు.

అత్తయ్యా నేనూ మధ్యాహ్నం బస్సుకు వస్తాం. మాకు ముందు వరుస వద్దు, చివరి వరుసలో రెండు కుర్చీలు చూడు.

ఇట్లు,
మీ మామయ్య