గ్రీసులోని క్రీట్ దీవిలో ఓ పల్లెకి మారి మూడు నెలలైనా ఎవరూ కలవట్లేదంటే

మీరు ముందు పలకరించకపోవడమే కారణం అయ్యుండాలి. అక్కడ లోపలికి వచ్చినవాళ్లే మొదట నోరు విప్పాలి.

1. కఫెనియో (ఊరి కాఫీకొట్టు) గడపలోనే అందరికీ వినపడేలా "కలిమేరా" అనండి, సాయంత్రమైతే "కలిస్పేరా". ఫోను జేబులోనే ఉంచండి.
2. గ్రీకు కాఫీ చెప్పండి: చక్కెర వద్దంటే "స్కేటో", మధ్యస్తంగా కావాలంటే "మేట్రియో". అడుగున మడ్డి వదిలేయాలి.
3. అందరూ తప్పేది ఇక్కడే. ఎవరైనా మీ కాఫీ డబ్బులు కట్టేస్తే (దీన్ని "కేరస్మా" అంటారు) అక్కడికక్కడే తిరిగివ్వబోకండి, చిన్నబుచ్చుకుంటారు. "ఎఫ్‌హరిస్టో" (ధన్యవాదాలు) అని వాళ్లవైపు చూసి తలూపితే చాలు. ఇంకో రోజు, వాళ్లు బిల్లు అడగకముందే, కొట్టు యజమాని చెవిలో చెప్పి వాళ్ల బల్లకి మీరు కట్టేయండి. వంతులేసి పంచుకోవడం మాత్రం వద్దు.
4. వేసవిలో మధ్యాహ్నం 3 నుంచి 5:30 దాకా ఎవరి తలుపూ తట్టొద్దు.
5. పక్కింటావిడ ఏదైనా వండి పంపితే, మనలాగే, గిన్నె ఖాళీగా తిరిగివ్వకండి. నాలుగు నిమ్మకాయలైనా చాలు.