ఆకుకూరలకు గోబర్ గ్యాస్ స్లర్రీ: అంచులు మాడింది తెగులు వల్ల కాదు

ప్రశ్న: పాలకూర, కొత్తిమీర మడులకు వారానికోసారి గోబర్ గ్యాస్ ప్లాంటు నుంచి వచ్చే స్లర్రీని పైనుంచి పోస్తున్నాను. పోసిన రెండు మూడు రోజులకు ఆకుల అంచులు గోధుమ రంగుకు తిరిగి ఎండుతున్నాయి. ఆకుమచ్చ తెగులని మందుల షాపువాళ్లు కార్బెండజిమ్ అనే శిలీంధ్రనాశిని (బూజు తెగుళ్ల మందు) ఇచ్చారు. రెండుసార్లు కొట్టినా తగ్గలేదు. ఇంకే మందు కొట్టాలి?

జవాబు: ఏ మందూ కొట్టకండి. ఆకుమచ్చ అయితే మచ్చలు ఒకచోట మొదలై పాకుతాయి. మీకు స్లర్రీ పోసిన ప్రతిసారీ మడి మొత్తం ఒకేసారి అంచులు మాడుతున్నాయి. ప్లాంటులో పేడ కుళ్లినప్పుడు అందులోని నత్రజనిలో కొంత అమ్మోనియాగా మారుతుంది. అది నేలకు మంచిదే. చిక్కగా లేత ఆకు మీద పడితే మాత్రం కాలుస్తుంది, లవణాలు దానికి తోడవుతాయి. దీనికి శిలీంధ్రనాశిని ఎందుకు పనిచేస్తుంది? మొక్కను చూడకుండా మందు ఇచ్చే షాపు సలహాతో, కోసి తినే ఆకు మీద రెండుసార్లు కొట్టారు. లేబుల్ మీద ఆ పంట పేరు ఉందో లేదో చదివారా?

ఇప్పుడు స్లర్రీ ఆపి, మురుగు పోయే ఏర్పాటు చూసుకుని, రెండు తడులు మంచినీళ్లు నిండుగా ఇవ్వండి. ఈ కోత ఆకు అమ్మవద్దు, ఇంట్లోనూ వండవద్దు. పీకి కంపోస్టు గుంతలో వేయండి.

మాడు కంటే నాకు పెద్ద టెన్షన్ వేరే ఉంది. మామూలు ప్లాంటులో ఉండే వెచ్చదనానికి ఈ-కోలై, సాల్మొనెల్లా లాంటి రోగాలు తెచ్చే బ్యాక్టీరియా, ఏలికపాముల గుడ్లు పూర్తిగా చావవు. వాసన పోయింది కదా, శుభ్రమైపోయిందనుకుంటారు చాలామంది. కొత్తిమీర పచ్చిగానే తింటాం. అమెరికా సేంద్రియ నిబంధనల్లో, తినే భాగం నేలకు తగిలే పంటకు పచ్చి ఎరువు (కంపోస్టు చేయని పేడ) వేస్తే కోతకు 120 రోజుల ఎడం ఉండాలి. స్లర్రీని కూడా పచ్చి ఎరువు కిందే లెక్కేసుకోండి. నెల, నెలన్నరలో కోసే ఆకుకూరకు అది కుదిరే పని కాదు. కాబట్టి పెరుగుతున్న మడిలో స్లర్రీ వద్దే వద్దు. నీళ్లు కలిపి పలచన చేస్తే మాడు తగ్గుతుందేమో, క్రిములు పోవు.

స్లర్రీని ఎండుటాకులు, గడ్డితో పొరలుగా వేసి మీటరుకు పైగా ఎత్తున కుప్ప పెట్టండి. లోపల 55 డిగ్రీలకు తగ్గకుండా 15 రోజులు ఉండాలి, ఆ లోగా 5 సార్లు తిరగేయాలి. చేతితో తాకి వేడి అంచనా కట్టవద్దు, థర్మామీటరు కొనండి. తర్వాత పూర్తిగా చల్లారి మట్టి వాసన వచ్చేదాకా ఆగి, విత్తడానికి 10-15 రోజుల ముందు చదరపు మీటరుకు ఒక కిలో చొప్పున పైమట్టిలో కలపండి. ఎక్కువ వేస్తే బాగా ఎదుగుతుందని గుమ్మరించకండి, నత్రజని మితిమీరితే పాలకూర ఆకులో నైట్రేట్ పేరుకుంటుంది.

వారం వారం స్లర్రీ తాగిన మడి కాబట్టి, మళ్లీ విత్తేముందు లవణాల కోసం నేల పరీక్ష చేయించండి. మిగిలే స్లర్రీ పశుగ్రాసం మొక్కజొన్నకు సాలు వెంట నీటితో పారించండి.