మోకాలెత్తుల ఓరుగల్లు

బిడ్డా,

చిన్నపిల్లల కార్టూన్‌కి నువ్వు రాసిన స్క్రిప్ట్ నిన్న రాత్రి చదివిన, మధ్యల కరెంట్ పోతే ఫోన్ లైట్ పెట్టుకొని మరీ చదివిన. కుక్కపిల్ల, దూడ, కోడిపిల్ల, పిల్లికూన నలుగురు కలిసి వరంగల్ అంత తిరుగుడు, ఐడియా మస్తుంది. కానీ ఏడు నిమిషాల ఎపిసోడ్‌కి ఇరవై రెండు పేజీలేంది? పేజీకి నిమిషం లెక్కేసుకున్నా మూడు ఎపిసోడ్లయితయ్.

సరే పొడుగు కోసుకోవచ్చు తియ్, అసలు లోపం నువ్వు చూసే ఎత్తుల ఉంది, చిన్నపిల్లల ఎత్తుకెళ్లి చూడలే. నీ కోడిపిల్ల వేయిస్తంభాల గుడి కాడికి పోంగనే 1163ల రుద్రదేవుడు కట్టించిండు, శివుడు విష్ణువు సూర్యుడు మూడు గర్భగుళ్లు అని గడగడ చెప్తది, అది కోడిపిల్లనా గైడా? మూడేండ్ల పోరనికి నిన్నకి మొన్నకే తేడా తెల్వదు, 1163 ఏం తెలుస్తది. అదే గుడిల నల్లరాతి నంది ఉంటది గద, నున్నగ మెరుస్తది. దూడ పోయి దాని ముందల నిలవడి "అన్నా, ఆడుకుందాం దా" అంటది. నంది పలకదు. మళ్ల అడుగుతది, పలకదు. అలిగిందేమో అని ఇంత గడ్డి తెచ్చి పెడ్తది, ఆఖరికి దాని నీడల పండుకొని నిద్రపోతది. గంతే, ఎపిసోడ్ అయిపోయింది.

ఊకె చెప్తలేను. మొదట్ల నేను గూడ ఒక చానెల్‌కి కొంగ మాస్టారు పాఠాలు చెప్పే సీరియల్ రాసిన, వరంగల్ ఖిల్లాల నాలుగు రాతి తోరణాల గురించి మొత్తం చెప్పించిన, అంగన్‌వాడీల వేసి చూపిస్తే పిల్లలందరు గోడ మీద పోయే చీమల్ని చూస్తున్రు. తోరణం మీద హంసలున్నయ్ అని ఒక్క మాట అనిపిచ్చి దాన్ని ఎతికిపిచ్చినా అయిపోవు.

బతుకమ్మ ఎపిసోడ్‌ల "వేలమంది ఆడోళ్లు తిరుగుతుంటరు" అని ఒక్క లైన్ రాసి పక్కకి జరిగినవ్, ఆ లైన్ యానిమేటర్ ప్రాణం తీస్తది. సెకండుకి 24 ఫ్రేములు, జనం గుంపులు, చెరువుల నీళ్లు, ఎగిరే కొంగులు, పని ఎక్కువ పడేది ఈటికే. పిల్లికూన కండ్లతోని చూడు జర. దానికి అవుపడేది మెట్టెలు పెట్టుకున్న పాదాలు, చీర అంచులు, కింద రాలిన గునుగు, తంగేడు. చప్పట్లు పైనుంచి వినవడ్తయ్. పైసలు మిగుల్తయ్, అమ్మ కొంగు పట్టుకొని నిలవడ్డ పిల్లకి నిజంగ అవుపడేది గూడ గదే.

ఎనుమాముల మార్కెట్ల మిర్చి బస్తాల కాడ కుక్కపిల్ల తుమ్ముడు బాగుంది, ముట్టకు. కాకపోతే ఒక తుమ్ముకి ఇంకో తుమ్ముకి నడుమ ఆగు, "ఇప్పుడెన్ని తుమ్ములైనయ్?" అని అడిగి మూడు సెకండ్లు ఎవ్వరు మాట్లాడొద్దు, టీవీ ముందటి పిల్లలు చెప్పాలె. 1996ల అమెరికాల మొదలైన బ్లూస్ క్లూస్ అనే పిల్లల టీవీ షోల గిట్లనే ఆగి అడిగేటోళ్లు, పైంగ ఒకటే ఎపిసోడ్ వారంల ఐదు రోజులు వేసేటోళ్లు. మనం బోర్ అనుకుంటం, పిల్లలకి తెలిసిన జవాబు మళ్ల చెప్పుడంటేనే ఇష్టం.

కాజీపేట జంక్షన్‌ల పట్టాలు దాటే సీన్ తీసెయ్, దీని మీద వాదన పెట్టుకోకు. చూసింది చేసే వయసు వాళ్లది. బ్రిడ్జి మీదికెళ్లి రైలు చూడనియ్యి, పక్కన పెద్దావు ఉండాలె. భద్రకాళి చెరువుల కోడిపిల్ల జారిపడుడు గూడ గంతే, కొట్టెయ్.

ఇంకోటి, "మనము వెళ్లి చూచెదము" అని కుక్కపిల్లతోని ఎందుకనిపిచ్చినవ్? నువ్వు ఇంట్ల మీ తమ్మునితోని గట్లనే మాట్లాడ్తవా?

ఆదివారం పొద్దుగాల గుడి కాడికి రా, నంది ఎదురుంగ కింద కూసుందాం. మా మనవన్ని తీస్కొస్త, వానికి మూడేండ్లు. దూడ సీన్ రాసుకొచ్చి వానికి చదివి వినిపియ్యి, ఏ లైన్ కాడ లేచి ఉరికితే ఆడ పెన్నుతోని గీత పెట్టుకో.