గుంటూరు గడప నుంచి డాలస్ గడప దాకా

"హైదరాబాద్‌లో తెల్లవారుజామున 4.20కి ఎక్కితే అదే రోజు మధ్యాహ్నం 3.20కి డాలస్‌లో దిగుతారని టికెట్‌లో ఉంది. అంటే పదకొండు గంటలేనా అన్నయ్యా?" అని మొన్న ఒక తమ్ముడు అడిగాడు. కొత్తగా ఉద్యోగంలో చేరాడు. జనవరిలో గుంటూరు నుంచి అమ్మానాన్నలను రప్పించుకుంటున్నాడు.

కాదు తమ్ముడూ. టికెట్ మీద ఏ ఊరి సమయం ఆ ఊరిదే. చలికాలంలో డాలస్ మన దేశం కన్నా పదకొండున్నర గంటలు వెనక ఉంటుంది, వేసవిలో పదిన్నర. ఆ తేడా కలిపితే నీ పదకొండు గంటలు ఇరవై రెండున్నర అవుతాయి. దుబాయ్‌కి నాలుగు, అక్కడ నిరీక్షణ రెండున్నర, ఆపైన ఏకబిగిన పదహారు.

దుబాయ్ చుట్టుదారి అని బెంగపడవద్దు. గ్లోబు మీద హైదరాబాద్ నుంచి డాలస్‌కు దారం బిగించి చూడు, ఉత్తర ధ్రువం పక్కగా పోతుంది. ఆ దూరం సుమారు 14,400 కిలోమీటర్లు. దుబాయ్ మీదుగా 15,500. తేడా గంటా గంటన్నర ప్రయాణం, అంతే. పెద్దవాళ్లకు మధ్యలో కాళ్లు చాపుకునే చోటు దొరకడం దానికన్నా మేలు. నిరీక్షణ మూడు నాలుగు గంటలున్న టికెట్ చూడు. వీల్‌చైర్ కావాలని టికెట్ తీసేటప్పుడే చెప్పు.

అసలు కష్టం నేల మీద ఉంది. గుంటూరు నుంచి విజయవాడ మీదుగా శంషాబాద్ మూడు వందల కిలోమీటర్ల పైమాటే. పెద్దఅంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే నగరంలోకి పోనక్కర్లేదు. కానీ సంక్రాంతి వెళ్లిన మర్నాటి నుంచి హైదరాబాద్ వైపు పంతంగి టోల్‌గేట్ దగ్గర కార్లు బారులు తీరతాయి. రాత్రి ఒంటిగంటకు విమానాశ్రయంలో ఉండాలంటే సాయంత్రం 5కే ఇల్లు కదలాలి. ఇక్కడ డాలస్‌లో ఇమిగ్రేషన్, సామాను, ఇంటికి కారు ప్రయాణం కలుపుకుంటే గడప నుంచి గడపకు ముప్పై ఆరు గంటలు. గన్నవరం నుంచే విమానం దొరికితే ఇంకా మంచిది, అయితే అన్ని విమానాలూ ఒకే టికెట్ మీద ఉండాలి. విడివిడిగా కొంటే, మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోయినప్పుడు ఎవరూ బాధ్యత తీసుకోరు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఆరేళ్ల కిందట మా అమ్మానాన్నల టికెట్ 20వ తేదీ తెల్లవారుజామున. అమ్మ గోంగూర పచ్చడి డబ్బాకు ప్లాస్టిక్ సంచి మీద సంచి చుట్టి, పాత నూలు చీర ముక్కతో ముడివేసింది. నాన్న పెట్టెలను కాటా మీద రెండుసార్లు తూచారు. 20వ తేదీ సాయంత్రం ఫోన్ చేసి, "బయలుదేరుతున్నాం నాన్నా" అన్నారు. అప్పటికి విమానం వెళ్లి పన్నెండు గంటలు దాటింది. ఫోన్‌లో అమ్మ ఏమీ అనలేదు, పెట్టె తాళం తీస్తున్న చప్పుడు మాత్రం వినిపించింది.

అందుకని, తమ్ముడూ, విమానం తేదీ చెప్పవద్దు. టికెట్ 20వ తేదీ తెల్లవారుజామున అయితే, "19వ తేదీ సాయంత్రం 5కి ఇంటి నుంచి" అని వంటింటి క్యాలెండర్ మీద నాన్నగారి చేత రాయించు. రాసిన కాగితాన్ని ఫొటో తీసి నీకు పంపమను.